ఈ-రీడర్‌కు సరిపడే తెలుగు పుస్తకాలు: వికీసోర్స్‌పై ఒక సమీక్ష

తెలుగు పుస్తకాలు అంతర్జాలంలో వేల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో ఈ-రీడర్ (పుస్తకాలు చదవడానికే చేసిన చేతి పరికరం) తెర మీద మొదటి పుట నుంచి చివరి పుట దాకా ఇబ్బంది లేకుండా చదువుకోగలిగినవి మాత్రం చాలా తక్కువ. ఆ తక్కువలో నాకు బాగా గురి కుదిరిన చోటు తెలుగు వికీసోర్స్. 2005లో మొదలై, స్వచ్ఛందంగా పనిచేసేవారి శ్రమతో నడుస్తున్న ఈ ఉచిత గ్రంథాలయాన్ని చాలామంది కంప్యూటర్‌లో తెరిచి, ఒక పద్యమో వాక్యమో వెతుక్కోవడానికి వాడుకుంటారు. దాన్ని ఈ-రీడర్‌కు పుస్తకాలు అందించే సేవగా చూసి, ఆ దృష్టితో దాని గుణదోషాలు చెప్పాలన్నది ఈ సమీక్ష ఉద్దేశం.

బెంగళూరులో ఉండే తెలుగువాళ్ళకు ఈ సంగతి అవసరం కొంచెం ఎక్కువ. మారతహళ్ళిలోనూ వైట్‌ఫీల్డ్‌లోనూ తెలుగు భోజనం దొరకని వీధి ఉండదు గానీ, తెలుగు పుస్తకాల అంగడి కోసం వెతుక్కోవలసి వస్తుంది. చర్చ్ స్ట్రీట్ పుస్తకాల దుకాణాలు ఇంగ్లీషు పుస్తకాలకు పెట్టింది పేరు. తెలుగు కోసం వాటిని నమ్ముకోలేము. హైదరాబాదు, విజయవాడల్లో పుస్తక ప్రదర్శనలు జరిగినప్పుడు వెళ్ళి కొనుక్కోవడం, ఊరి నుంచి వచ్చేవాళ్ళ చేత తెప్పించుకోవడం ఇక్కడి పాఠకుల అలవాట్లు. అద్దె ఇళ్ళలో ఉంటూ తరచు ఇల్లు మారేవాళ్ళకు పుస్తకాల పెట్టెల బరువు కూడా లెక్కలోకి వస్తుంది. మెట్రోలో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఇంకో చేత్తో పుస్తకం పట్టుకుని నిలబడవలసిన వారికి ఆరంగుళాల ఈ-రీడర్ చాలా సౌకర్యం. వెలుగు కంట్లో పొడవదు, ఛార్జింగు వారాల తరబడి నిలుస్తుంది, ఫోనులాగా మధ్యలో పిలుపులు రావు. అందుకే ఆ చిన్న తెర మీద తెలుగు ఎంత చక్కగా నిలుస్తుందన్నది నేను అంత పట్టించుకుని చూసే విషయం.

వికీసోర్స్ విలువ తెలియాలంటే మిగిలిన చోట్ల దొరికే ఫైళ్ళ స్వభావం ముందుగా తెలియాలి. అన్నిటికంటే పెద్ద రాశి స్కాను చేసిన పాత పుస్తకాలది. దీనికి ఈ ఊరితోనే సంబంధం ఉంది: బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ సమన్వయంతో సాగిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద దేశంలోని అనేక గ్రంథాలయాల పుస్తకాలను పుటలవారీగా స్కాను చేశారు, వాటిలోని తెలుగు పుస్తకాలు ఇప్పుడు ఉచిత డిజిటల్ గ్రంథాలయమైన ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. పేర్లు రోమన్ లిపిలో, ఒక్కోచోట ఒక్కో రకమైన అక్షరక్రమంతో నమోదై ఉండడం వల్ల వెతకడానికే ఓపిక కావాలి. అయినా ఎక్కడా పునర్ముద్రణ లేని పుస్తకాలెన్నో అక్కడ బతికి ఉన్నాయి, పరిశోధన చేసేవారికి అది పెద్ద ఆస్తి.

ఈ-రీడర్‌లో చదవాలనుకునేవారికి మాత్రం ఆ స్కానులు కష్టం. ప్రతి పుటా ఒక ఫొటో, అందులో అక్షరాలను పెంచడం అంటే పుట మొత్తాన్ని పెంచి అటూ ఇటూ జరుపుకుంటూ చదవడమే. కొలతలు చూస్తే కారణం తేలికగా అర్థమవుతుంది. డెమీ సైజు పుస్తకంలో పుట వెడల్పు సుమారు 5.5 అంగుళాలు, ఎత్తు 8.5 అంగుళాలు. ఆరంగుళాల తెర వెడల్పు 3.6 అంగుళాలే. అంటే పుట మూడింట రెండు వంతులకు కుంచించుకుపోతుంది, 12 పాయింట్లలో అచ్చయిన అక్షరం 8 పాయింట్లకు దిగిపోతుంది. ఇంగ్లీషు అక్షరాలు ఆ సైజులో ఎలాగో తట్టుకుంటాయి. అక్షరం కింద ఒత్తు, పైన గుడి, పక్కన సుడి ఉండే మన లిపి తట్టుకోలేదు. అంచుల్లోని తెల్లజాగా కత్తిరించుకుంటే కొంత మెరుగవుతుంది, ఏడంగుళాల తెరలో అలా కత్తిరించిన పుట దాదాపు అసలు పరిమాణానికి దగ్గరగా వస్తుంది. పది అంగుళాల పైచిలుకు తెర ఉన్న పరికరాల్లో డెమీ పుట ఉన్నదున్నట్టు పడుతుంది, ఎందుకంటే ఆ పుట కర్ణం కూడా పదంగుళాల మీద కొంచెమే. స్కానులే చదవాలనుకునేవారు కొనవలసినది అలాంటి పరికరాన్నే, కానీ దాని ధర చిన్న పరికరాలకు రెట్టింపును మించుతుంది, మెట్రోలో ఒంటిచేత్తో పట్టుకోవడమూ కష్టమే.

స్కానులను చిన్న తెరకు మలిచే కె2పీడీఎఫ్‌ఆప్ట్ అనే ఉచిత సాధనం ఒకటుంది. ఇది అక్షరాలను గుర్తుపట్టదు. పుట బొమ్మలో మాటల మధ్య ఉండే ఖాళీలను గమనించి, ఒక్కో మాటను బొమ్మముక్కగా కత్తిరించి, చిన్న వరుసల్లో మళ్ళీ పేరుస్తుంది. అందువల్ల ఏ భాషకైనా పనిచేస్తుంది. శుభ్రమైన స్కాను, వరుసల మధ్య తగినంత ఎడం ఉన్న అచ్చు దొరికితే తెలుగులోనూ మంచి ఫలితమే వస్తుంది. వరుసలు ఇరుకుగా ఉండి, పై వరుస ఒత్తులు కింది వరుస తలకట్లకు తగులుతున్న పాత అచ్చుల్లో మాత్రం ముక్కలు సరిగా తెగవు.

రెండో రకం ఫైళ్ళు కొత్త పుస్తకాల పీడీఎఫ్‌లు. చూడడానికి ఇవి స్కానుల కంటే ఎంతో శుభ్రంగా ఉంటాయి, కాబట్టి వీటిని, తెరకు తగ్గట్టు వరుసలు సర్దుకునే ఈ-పుస్తక రూపమైన ఈపబ్‌లోకి మార్చుకుంటే సరిపోతుందని అనిపిస్తుంది. మార్చి చూస్తే తెర నిండా అర్థంలేని రోమన్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. తెలుగు ప్రచురణ రంగం చాలాకాలంగా అను ఫాంట్లతో పేజీలు కట్టింది. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం ఆకారం మాత్రమే తెలుగు, లోపల దాని సంకేతం ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించినదే. కాగితం మీద అచ్చు వేయడానికి ఆ పద్ధతి చక్కగా సరిపోయింది. పుటలోంచి పాఠాన్ని బయటికి తీసి, చిన్న తెరకు తగినట్టు మళ్ళీ పేర్చాలంటే మాత్రం లోపల యూనికోడ్ (ప్రతి భాష అక్షరాలకూ సొంత సంకేతాలు ఇచ్చే ప్రమాణం) సంకేతాలు ఉండి తీరాలి. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కినా, మన పుస్తకాల లోపలికి అది రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మూడో రకం, అంటే నిజమైన యూనికోడ్ పాఠంతో ఉన్న ఈపబ్ పుస్తకం, ఈ-రీడర్‌కు కావలసినది. అక్షరం పెంచితే వరుసలు వాటంతట అవే సర్దుకుంటాయి, మాట వెతికితే దొరుకుతుంది, నచ్చిన వాక్యం కింద గీత గీసుకోవచ్చు. దుకాణాల్లో ఇది తెలుగుకు సులభంగా దొరకదు. 2016 డిసెంబరులో అమెజాన్ ఈ-రీడర్ అయిన కిండిల్ దుకాణం భారతీయ భాషల పుస్తకాలను ప్రత్యేకంగా తెచ్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం అందులో ఉన్నాయి, తెలుగు లేదు. చెన్నైలో తమిళ మిత్రుడు తన పరికరంలోనే పుస్తకం కొని ఆ నిమిషంలోనే చదవడం మొదలుపెడుతుంటే, అదే పరికరం ఉన్న తెలుగు పాఠకుడు ఫైళ్ళ వేటలో పడడం నాకు బాధ కలిగించే సంగతి. వికీసోర్స్ ఈ లోటును పూర్తిగా తీర్చదు, కానీ ఒక వైపు నుంచి చాలా గట్టిగా పూడుస్తుంది.

అక్కడ పుస్తకం తయారయ్యే తీరు తెలిస్తే దాని మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో తెలుస్తుంది. కాపీహక్కులు తీరిన పుస్తకం స్కానును ఎక్కించి, ప్రతి పుటకూ ఒక పేజీ తెరుస్తారు. ఒకవైపు స్కాను బొమ్మ, ఇంకోవైపు యంత్రం గుర్తుపట్టిన పాఠం ఉంటాయి. ఒకరు బొమ్మను చూసుకుంటూ పాఠంలోని తప్పులు సరిచేసి ఆ పుటను అచ్చుదిద్దినదిగా గుర్తిస్తారు, అప్పుడది పసుపు రంగులోకి మారుతుంది. మరొకరు మళ్ళీ చదివి ఆమోదిస్తే ఆకుపచ్చ రంగు వస్తుంది. ఒకే వ్యక్తి ఈ రెండు పనులూ చేయడానికి వీలులేదు. ఎవరూ దిద్దని పుట ఎరుపులో ఉంటుంది. ఇలా తయారైన పుటలను అధ్యాయాలుగా కూర్చి పుస్తకంగా చూపిస్తారు, పుస్తకం పేరు కింద సన్నని రంగుల పట్టీలో ఏ రంగు ఎంత ఉందో చూడగానే తెలుస్తుంది. అనుమానం వచ్చిన వాక్యాన్ని అసలు స్కానుతో పోల్చి చూసుకోవచ్చు. డబ్బు పెట్టి కొన్న పుస్తకంలో కూడా దొరకని సదుపాయం ఇది.

పుస్తకం దింపుకునే ముందు ఆ పట్టీ చూడడం తప్పనిసరి అని నా అభిప్రాయం. పసుపు, ఆకుపచ్చ నిండుగా ఉన్న పుస్తకాన్ని నిశ్చింతగా తెచ్చుకోవచ్చు. ఎరుపు ఎక్కువగా ఉంటే అది యంత్రం చదివిన పాఠమే. తెలుగును యంత్రాలు ఇప్పుడు బాగానే చదువుతున్నా, మ-య, ప-వ, ధ-థ, ఘ-ఫ వంటి జంటల్లో పొరబడడం, అరసున్నలు మింగేయడం, ఒత్తును పక్క అక్షరానికి తగిలించడం మామూలు. వచనంలో ఇలాంటి తప్పులను సందర్భాన్ని బట్టి సరిచేసుకుంటూ పోవచ్చు. పద్యంలో ఒక అక్షరం మారితే గణం చెడుతుంది, అర్థం కూడా మారిపోవచ్చు, అందుచేత దిద్దని పద్యకావ్యాన్ని ఈ-రీడర్‌లో పెట్టుకోవద్దని చెబుతాను.

దింపుకోవడం చాలా తేలిక. పుస్తకం మొదటి పేజీలో పైన డౌన్‌లోడ్ మీట ఉంటుంది, దాన్ని నొక్కితే ఈపబ్, పీడీఎఫ్, మోబి వంటి రూపాలు కనిపిస్తాయి. ఖాతా తెరవనక్కరలేదు, రుసుము లేదు, ఫైలుకు తాళం లేదు. ఒకసారి తెచ్చుకున్న పుస్తకాన్ని ఎన్ని పరికరాల్లోనైనా పెట్టుకోవచ్చు, ఇంట్లోవాళ్ళకు ఇవ్వవచ్చు. అడిగినప్పుడు అధ్యాయాలన్నిటినీ పోగుచేసి పుస్తకంగా కట్టి ఇస్తుంది కాబట్టి, పెద్ద గ్రంథాలకు కొంతసేపు ఆగవలసి ఉంటుంది. చివర ఆ పుస్తకం మీద పనిచేసినవారి పేర్లు కూడా చేరుస్తుంది, ఆ పుట నేను ఎప్పుడూ చదువుతాను. ఒక పరిమితి మాత్రం గుర్తుంచుకోవాలి. మొదటి పేజీలోని విషయసూచికలో ఉన్న లింకులను పట్టుకునే ఈ సాధనం అధ్యాయాలను సేకరిస్తుంది. ఆ లింకులు లేని పుస్తకాన్ని దింపితే ముఖపత్రమూ పీఠికా మాత్రమే వస్తాయి. దింపిన వెంటనే చివరి అధ్యాయం ఉందో లేదో తెరిచి చూసుకోవడం మంచిది, ముఖ్యంగా ప్రయాణానికి బయలుదేరే ముందు.

ఈపబ్ దొరికిన తర్వాత మిగిలే ప్రశ్న పరికరానిది. తెలుగు అక్షరాలు యూనికోడ్‌లో విడివిడి సంకేతాలుగా దాగి ఉంటాయి. ఉదాహరణకు 'స్త్రీ' అనే ఒక్క అక్షరం లోపల ఆరు సంకేతాల వరుస. వాటిని ఒక్క ముద్దగా కలిపి చూపించడానికి ఫాంటులో తగిన పట్టికలు, పరికరంలో ఆ పట్టికలను పాటించే అక్షరసంయోజక ఇంజను రెండూ కావాలి. ఫాంటు లేకపోతే డబ్బాలు కనిపిస్తాయి. ఫాంటు ఉండి ఇంజను లేకపోతే పొల్లులు తేలిపోయి, ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి. కొనేముందు దుకాణంలో గానీ మిత్రుల దగ్గర గానీ ఒక తెలుగు ఈపబ్‌ను ఆ పరికరంలో తెరిచి, సంయుక్తాక్షరాలు దండిగా ఉన్న పుట ఒకటి చదివి చూడమని నా సలహా. పెట్టె మీద రాసి ఉండే ఫైలు రూపాల జాబితాలో ఈపబ్ అని ఉన్నంత మాత్రాన తెలుగు సరిగ్గా వస్తుందని హామీ లేదు.

ఆండ్రాయిడ్ మీద నడిచే ఈ-ఇంక్ (కాగితంలా కనిపించే తెర) పరికరాల్లో ఈ బెంగ లేదు, ఎందుకంటే ఆండ్రాయిడ్‌లోనే తెలుగు ఫాంటూ అక్షరాలను కలిపే ఏర్పాటూ ఉన్నాయి. అనేక ఇతర పరికరాల్లో కోరీడర్ అనే, పుస్తకాలు చదివించే ఉచిత సాఫ్ట్‌వేరును ఎక్కించుకోవచ్చు. అది హార్ఫ్‌బజ్ అనే ఇంజనును వాడుతుంది కాబట్టి, ఒక మంచి తెలుగు ఫాంటును దాని సంచయంలో పెడితే ఒత్తులు, గుణింతాలు చక్కగా కుదురుకుంటాయి. ఇంతకు ముందు చెప్పిన కె2పీడీఎఫ్‌ఆప్ట్ కూడా దానిలోనే ఇమిడి ఉంది, కాబట్టి ఒకే చోట ఈపబ్‌లూ స్కానులూ చదువుకోవచ్చు. కిండిల్ వాడేవారికి 2022 నుంచి ఈపబ్‌లను సెండ్ టు కిండిల్ అనే సేవ ద్వారా పంపుకునే వీలు వచ్చింది. వెబ్ పేజీ నుంచి పంపేటప్పుడు ఒక్కో ఫైలు 200 ఎంబీ దాకా ఉండవచ్చు, వికీసోర్స్ పాఠ పుస్తకాలు సాధారణంగా దానికి ఎంతో తక్కువలోనే ఉంటాయి. 2018లో వచ్చిన మార్పుతో ఆ పరికరాల్లో మనకు నచ్చిన ఫాంటును కూడా ఫాంట్ల ఫోల్డరులో వేసుకోవచ్చు.

ఫాంటు ఎంపిక మీద రెండు మాటలు ఎక్కువ చెప్పాలనిపిస్తోంది, ఎందుకంటే చదువు సుఖమంతా దాని మీదే ఆధారపడి ఉంది. సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు, ఎన్టీఆర్ వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. వాటిలో శీర్షికలకు తగినవి కొన్ని, నిడివైన చదువుకు తగినవి కొన్ని. ఈ-ఇంక్ తెరమీద గీత సన్నబడి మందమయ్యే అక్షరాల కంటే, అన్నిచోట్లా ఒకే మందం ఉన్న అక్షరాలు స్పష్టంగా నిలుస్తాయి. నాకు మండలి, నోటో సాన్స్ తెలుగు రెండూ హాయిగా ఉంటాయి. ఏది ఎంచుకున్నా వరుసల మధ్య ఎడాన్ని ఇంగ్లీషుకు పెట్టుకునే దానికంటే పెంచాలి, లేకపోతే జంట ఒత్తులు కింది వరుస మీద పడతాయి. పాత పుస్తకాలు చదివేవారు ఇంకొకటి చూసుకోవాలి. అరసున్న, బండి ర (ఱ), దంత్య చ-జ లు (ౘ, ౙ) ఆ ఫాంటులో ఉన్నాయా అన్నది పరీక్షించాలి. దంత్య చ-జ ల సంకేతాలు 2008లో మాత్రమే యూనికోడ్‌లో చేరాయి, అన్ని ఫాంట్లలోనూ ఉంటాయని అనుకోకూడదు. వికీసోర్స్‌లో దింపుకునేటప్పుడే ఫాంటును పుస్తకంలో పొదిగించుకునే వీలుంది, కాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో తర్వాత కూడా పొదగవచ్చు. అలా పొదిగిన పుస్తకం ఎవరి పరికరంలో తెరిచినా, ఆ పరికరం పుస్తకంలోని ఫాంటును ఒప్పుకునేదైతే, అదే అక్షరాలతో కనిపిస్తుంది.

మా మామగారు మదనపల్లె నుంచి వచ్చి మా దగ్గర ఉండే నెలల్లో ఈ తేడా నాకు బాగా తెలిసింది. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్ళతో ఆయన స్కాను పుస్తకాన్ని చూసి పక్కన పెట్టేశారు. "అక్షరం పెద్దదయ్యే పుస్తకమే పెట్టమ్మా, నేను నిదానంగా చదువుకుంటాను" అన్నారు. వికీసోర్స్ నుంచి తెచ్చిన ఈపబ్‌లో అక్షరాన్ని దాదాపు రెట్టింపు చేసి ఇస్తే, పుటకు పది వరుసలే పట్టినా, కళ్ళద్దాలు సర్దుకోకుండా గంటలకొద్దీ చదువుతున్నారు. పెద్ద అక్షరాల తెలుగు పుస్తకాలు అచ్చులో ఎంత అరుదో తెలిసినవారికి ఇది ఎంత విలువైన సంగతో వేరే చెప్పనక్కరలేదు.

వికీసోర్స్‌లో ఈ-రీడర్‌కు బాగా ఒదిగేది వచనం. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామి రాసిన 'కాశీయాత్ర చరిత్ర' ఆ తెర మీద చదవడానికి అచ్చంగా తగిన పుస్తకం. రోజువారీ మజిలీలుగా సాగుతుంది కాబట్టి మెట్రోలో కొన్ని పుటలు చదివి ఆపినా దారం తెగదు. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర', టంగుటూరి ప్రకాశం ఆత్మకథ 'నా జీవిత యాత్ర' వంటివి లావుపాటి పుస్తకాలు. పరికరంలో వాటికి బరువే లేదు, ఒక పేరును వెతికితే అది ఎక్కడెక్కడ వచ్చిందో చూపిస్తుంది. అధోజ్ఞాపికలు (పుట అడుగున ఇచ్చే వివరణలు) లింకులుగా మారతాయి, నొక్కితే ఆ వివరణ దగ్గరికి పోయి మళ్ళీ వెనక్కి రావచ్చు. చారిత్రక గ్రంథాలు చదివేవారికి ఇది బాగా ఉపయోగపడుతుంది.

పద్యాల దగ్గర కొంత సర్దుకోవాలి. ఉత్పలమాల, చంపకమాల పాదాలు పొడవైనవి కావడంతో ఆరంగుళాల తెర మీద మామూలు అక్షర పరిమాణంలోనే పాదం మధ్యలో విరిగి కింది వరుసకు జారుతుంది. పరికరాన్ని అడ్డంగా తిప్పి చదివితే చాలావరకు పాదం ఒకే వరుసలో నిలుస్తుంది. కంద పద్యాలకు, ఆటవెలదులకు, అందువల్ల ఆ ఛందస్సుల్లో ఉన్న శతకాలకు, ఈ ఇబ్బంది లేదు. పట్టికలు, రెండు వరుసల్లో అచ్చయిన నిఘంటువులు, బొమ్మలు ఎక్కువగా ఉన్న పుస్తకాలు చిన్న తెరకు పనికిరావు, వాటిని కంప్యూటర్‌లోనే చూడాలి.

ఈ సేవకు ఉన్న అసలు హద్దు చట్టం నుంచి వస్తుంది. భారతదేశంలో రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదటి నుంచి లెక్కపెట్టి 60 ఏళ్ళు కాపీహక్కులు ఉంటాయి. 1992 సవరణకు ముందు అది 50 ఏళ్ళే. ఈ లెక్కన 1962లో మరణించిన గోపీచంద్ రచనలకు 2022తో గడువు తీరింది. 1976లో మరణించిన విశ్వనాథ సత్యనారాయణ రచనలకు 2036 చివరి దాకా, 1979లో మరణించిన చలం రచనలకు 2039 చివరి దాకా ఆగాలి. కొందరు రచయితలు, వారసులు తమ పుస్తకాలను స్వేచ్ఛా లైసెన్సు కింద ఇవ్వడంతో అవి ముందుగానే వికీసోర్స్‌లో చేరాయి, వారికి పాఠకులు రుణపడి ఉన్నారు. కాపీహక్కులు ఉన్న పుస్తకాల పీడీఎఫ్‌లు వాట్సాప్ గుంపుల్లో చేతులు మారడం అందరికీ తెలిసిందే. అవి ఈ-రీడర్‌కు సరిపడవన్న మాట అటుంచి, రచయితకూ ప్రచురణకర్తకూ రావలసిన డబ్బు రాకుండా చేస్తాయి, కాబట్టి వాటిని నేను ఎవరికీ సూచించను. ఈ తరం రచయితల పుస్తకాలు కావాలంటే కాగితం ప్రతి కొనడమే సరైన దారి. ప్రచురణకర్తలు కొత్త పుస్తకాలనైనా యూనికోడ్‌లో పేజీలు కట్టించి, కాగితం ప్రతితో పాటు ఈపబ్‌ను కూడా అమ్మితే బెంగళూరు, చెన్నై, ముంబయి పాఠకులు డబ్బు ఇచ్చి కొంటారు. కొరియరు ఖర్చు లేకుండా ఆ రోజే పుస్తకం చేతికొస్తుందంటే నేను పూర్తి ధర ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.

వికీసోర్స్‌లో పుస్తకాల సంఖ్య పెరగడం కంటే, ఉన్న పుస్తకాల్లో ఎరుపు పుటలు పసుపు కావడం ఈ-రీడర్ పాఠకులకు ఎక్కువ మేలు చేస్తుందని నేను అనుకుంటున్నాను. సగం దిద్దిన పుస్తకం సగం దాకా చక్కగా సాగి, తర్వాత చదవలేని స్థితికి వస్తుంది. పరికరంలో చదివేవారు ఇందులో తమ వంతు చేయగలరు. అక్షరదోషం కనిపించినప్పుడు దాని కింద గీత గీసుకుంటే చాలు, పరికరం ఆ గీతలన్నిటినీ ఒక చోట చూపిస్తుంది. తీరిక దొరికినప్పుడు కంప్యూటర్‌లో ఆ పుట తెరిచి, పక్కనే ఉన్న స్కానుతో పోల్చి సరిచేయవచ్చు. సవరణ భద్రపరచిన తర్వాత ఎవరైనా ఆ పుస్తకాన్ని కొత్తగా దింపుకుంటే దిద్దిన పాఠమే వస్తుంది. ఇప్పటికే తెచ్చుకున్న ఫైలు మాత్రం దానంతట అది మారదు. కొత్త ప్రతిని పరికరంలో వేస్తే చాలా సందర్భాల్లో పాత ప్రతిలో గీసుకున్న గీతలూ చదువుతూ ఆపిన చోటూ దానికి అందవు, కాబట్టి పుస్తకం పూర్తయ్యాకే కొత్త ప్రతి తెచ్చుకోవడం మేలు.